తాడు కట్టుకొచ్చిన నీలం కారు

కిందటి వారం మనం పాతపోస్టాఫీసు సందు మలుపులో ఆగాం. ముందు ఆటో, ఆటోకి కట్టిన తాడు, ఆ తాడు చివర ఒక పాత నీలం కారు. కారులో స్టీరింగు పట్టుకుని అప్పలరాజు. షెడ్డు గుమ్మంలో చేతులు జేబురుమాలుకి తుడుచుకుంటూ కరీం. "బావా" అంటే "బావా" అనుకుంటూ ముప్ఫై ఏళ్ళు గడిపిన ఇద్దరూ, కార్తీకం నుంచీ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

కిందటి వారం పుస్తకాన్ని పక్కింటివాళ్ళు పట్టుకుపోయి తిరిగివ్వకపోతే చదవనివాళ్ళు కొందరుంటారు. వాళ్ళ కోసం రెండు ముక్కలు.

సన్యాసమ్మ పుట్టింది ఈ సందులోనే. గోడకి ఇటు కరీం ఇల్లు, అటు ఆమె ఇల్లు. ఆమెకి అన్నదమ్ములు లేరు. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ "కరీమన్నా" అంటే కరీమన్నే. ఆమె పెళ్ళిలో అన్న చెయ్యాల్సినవన్నీ కరీం చేసాడు, చెయ్యక్కర్లేనివి కూడా కొన్ని చేసాడు. విడిదింట్లో పెళ్ళికొడుకు చెప్పులు ఎత్తుకుపోయి చేపల బజారులో దాచింది అతనే. ఉక్కు ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర ఉద్యోగం చేసే ఆ పెళ్ళికొడుకు, అప్పలరాజు, ఎండలో వట్టికాళ్ళతో గంతులేస్తూ వచ్చి, "నువ్వేనేటిరా నా బావమరిదివి?" అన్నాడు. అలా కలిసిన బంధం అది.

సన్యాసమ్మకి గుండె జబ్బు. కార్తీకమాసంలో ఒక పొద్దున్న ఊపిరాడక అల్లాడిపోతుంటే అప్పలరాజు ఆమెని కారులో వేసుకుని గాజువాక నుంచి ఆసుపత్రికి బయల్దేరాడు. షీలానగర్ దగ్గర కారు రెండుసార్లు ఉలిక్కిపడి ఆగిపోయింది. ఎంత తిప్పినా ఇంజను అందుకోలేదు. పోర్టు లారీలు ఒకదాని వెనక ఒకటి హారన్లు కొట్టుకుంటూ పక్కనుంచి పోయాయి. అంబులెన్సు వచ్చేసరికి సన్యాసమ్మ తల కిటికీ అద్దానికి ఆనుకుని ఉంది. దాన్ని ఎత్తి భుజం మీద పెట్టుకున్నా ఆమెకి తెలియలేదు.

అంతకు కొద్దిరోజుల ముందే ఆ కారుని బాగుచేసి ఇచ్చింది కరీం.

పెద్దకర్మ నాడు కరీం పుట్టింటి చీర పట్టుకెళ్ళాడు. అప్పలరాజు దాన్ని వీధిలోకి విసిరేసి, "సంపింది నువ్వే. మళ్ళీ సీరొకటేటి?" అన్నాడు. ఆ మాట గాజువాక నుంచి పాతపోస్టాఫీసుకి సిటీ బస్సుకంటే ముందు చేరింది. ఆ రోజు నుంచి కరీం షెడ్డుకి బండి రాలేదు. సొంత చెల్లెలికే ఎసరు పెట్టినవాడు మన బండేం బాగుచేస్తాడని జనం.

చివరికి మెకానిక్కుల సంఘం ప్రెసిడెంటు దేవీప్రసాద్ మధ్యలో దూరి ఒక ఒప్పందం చేసాడు. కారుని కరీం షెడ్డులోనే, అప్పలరాజు కళ్ళెదురుగా విప్పాలి. తప్పు కరీం పనిలో ఉంటే అతను పానా కింద పెట్టేసి షెడ్డు మూసుకోవాలి. లేకపోతే అప్పలరాజు అదే వీధిలో నించుని ఆ మాట వెనక్కి తీసుకోవాలి.

ఇదీ కథ. ఇప్పుడు తాడు విప్పుదాం.

*

తాడు విప్పింది దేవీప్రసాద్. మనిషి మంచివాడే గానీ నోరు ఖాళీగా ఉంటే పుండు పడుతుందని భయం. అందుకే ఒక దవడలో ఖైనీ, రెండో దవడలో మాట, ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకుంటాడు.

"ఏటి రాజు బావా, పెళ్ళికూతుర్ని తెచ్చినట్టు తెచ్చినావు, మెళ్ళో తాడేసి..." అని మొదలెట్టాడు. అప్పలరాజు మొహం చూసాడు. నవ్వడానికి సాగిన పెదాలు మధ్యలో ఎలా మడవాలో తెలియక, చేతిలో ఖైనీని ఇంకాస్త గట్టిగా నలిపాడు.

ఆటోలోంచి సత్యశ్రీ దిగింది. అప్పలరాజు కూతురు. మధురవాడలో ఉద్యోగానికి ఇంటి నుంచే వెళ్ళొస్తుండేది, తల్లి పోయాక సెలవు పెట్టి తండ్రిని కనిపెట్టుకునే ఉంటోంది. తిన్నగా కరీం దగ్గరికి వచ్చి, "సిక్కిపోనావు మావయ్యా," అంది.

"సత్యా, ఇటు రా," అన్నాడు అప్పలరాజు.

ఆమె వెళ్ళి తండ్రి పక్కన నించుంది. షెడ్డులో ఒక పెయింటు డబ్బా బోర్లించి ఉంటుంది. ముప్ఫై ఏళ్ళుగా అది అప్పలరాజు సింహాసనం. దాని మీద కూర్చుని కరీం పనికి వంకలు పెట్టడం, మధ్యమధ్యలో టీ తెప్పించుకోవడం, ఆ టీకి కరీం చేత డబ్బులిప్పించడం అతని హక్కులు. కరీం ఆ డబ్బాని కాలితో కొంచెం ముందుకు జరిపాడు. అప్పలరాజు చూడనట్టే నించున్నాడు.

"ఎవలూ కూకోడానికి రానేదు. విప్పు," అన్నాడు.

కరీం బానెట్ ఎత్తాడు. ఈ కారు బోల్టులన్నీ అతనికి చేతివేళ్ళంత పరిచయం. అయినా మొదటి బోల్టు మీద పానా రెండుసార్లు జారింది.

"సెయ్యి వణుకుతోందేటి?" అన్నాడు అప్పలరాజు.

"వణుకుతోంది బావా."

"బావా అనకు."

కరీం తలవంచుకుని పని చేసుకున్నాడు. ముందు పెట్రోలు గొట్టం ఊడదీసి దేవీప్రసాద్ చేతికిచ్చాడు. దేవీప్రసాద్ దాన్ని నొక్కాడు, వంచాడు, కంటికి పెట్టుకుని వెలుగులోకి చూసాడు.

"గొట్టం బావుంది రాజు బావా. కొత్త పెట్రోలుకి పాత రబ్బరు గొట్టాలు నానబెట్టిన అటుకుల్లా అయిపోతన్నాయి. ఈడు ఆ సంగతి తెలిసి కొత్త రకం గొట్టమే ఏసినాడు. దీనికి వొంక పెట్టలేం."

తరవాత కార్బురేటర్. ఇంజనుకి పెట్రోలు, గాలీ కలిపి అందించేది అదే. కరీం దాన్ని విప్పి, లోపల సూది మొనంత కన్నాలున్న జెట్లు తీసి గుడ్డ మీద పరిచాడు. దేవీప్రసాద్ ఒక్కొక్కటీ ఎత్తి, ఊది, దించాడు. అన్నీ శుభ్రం.

"పని మీద మచ్చ లేదు," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో సంతోషం దాగలేదు. ఆయనకీ కరీం షెడ్డు మూయించాలని లేదు మరి.

"మరెందుకు ఆగిపోనాది?" అప్పలరాజు గొంతు లేచింది. "సెప్పండి మరి. దాని ఊపిరి నా సేతుల్లో ఆగిపోనాది. బండి ఎందుకు ఆగిపోనాదో సెప్పడానికి ఇద్దరు మెకానిక్కులున్నారు, ఒక్కడికి నోరు రాదేటి?"

కరీం కార్బురేటర్ గిన్నెలోకి చూసాడు. అడుగున ఒక చెంచాడు తడి. వేలితో ముట్టుకుని, రెండు వేళ్ళ మధ్య రాసి చూసాడు. పెట్రోలైతే చల్లగా ఆరిపోవాలి. ఇది ఆరలేదు.

"నీళ్ళు," అన్నాడు.

"టాంకు దించీ," అన్నాడు దేవీప్రసాద్.

కరీం కారు కిందికి దూరి టాంకు అడుగునున్న మర వదులు చేసాడు. ముందు వచ్చిందంతా ఒక డబ్బాలోకి పోనిచ్చి, రంగు మారుతోందనగా ఖాళీ మంచినీళ్ళ సీసా పట్టాడు. సీసా నిండాక బయటికి వచ్చి దాన్ని బెంచీ మీద, వెలుతుర్లో పెట్టాడు.

నలుగురూ చూస్తుండగానే సీసాలో ఉన్నది రెండుగా విడిపోయింది. పైన లేత నారింజ రంగులో పెట్రోలు. అడుగున మసక పచ్చగా వేరే ఏదో. రెండింటి మధ్యా గీత గీసినట్టు ఒక అంచు.

"ఇదేటి?" అంది సత్యశ్రీ.

దేవీప్రసాద్‌కి ఇక నోరు ఆగలేదు. "ఇప్పుడు బంకులో మనకి పోసేది ఒట్టి పెట్రోలనుకుంటన్నావేటమ్మా? అయిదు పాళ్ళలో ఒక పాలు స్పిరిట్టు. సెరుకు మడ్డిలోంచీ నూకల్లోంచీ తీసిన సరుకు. బండికి కూడా మందు అలవాటు సేసీసారు. మందన్నాక నీళ్ళు కలుపుకోకుండా ఉంటాదేటి?"

"సరిగ్గా సెప్పరా," అన్నాడు అప్పలరాజు.

చెప్పింది కరీం. చెప్తున్నంతసేపూ సీసా వైపే చూసాడు. "ఎనకటి పెట్రోల్లో నీళ్ళు పడితే కలిసేవి కావు. అత్తింట్లో అలిగిన కోడల్లాగ టాంకు అడుక్కెళ్ళి ఓ మూల కూకునేవి. గొట్టం మొన అడుక్కి కొంచెం పైకుంటాది కాబట్టి ఇంజనుకి అందేవి కావు. నాను ఎప్పుడో ఒకసారి మర తీసి ఒంపీసేవోణ్ణి. ఇప్పుడలా కాదు. స్పిరిట్టు నీళ్ళని లాక్కుంటాది. కొన్నైతే కలుపుకుని ఊరుకుంటాది. మరీ ఎక్కువైతే పెట్రోలు సెయ్యి వొగ్గీసి, నీళ్ళతో కలిసి ఎల్లి అడుగున సేరతాది. సెంబుడు నీళ్ళు పడ్డా అడుగున బిందెడు అవుతాది. గొట్టం మొన మునిగిపోతాది. ఇంజను తాగేది అదే. కొంత దూరం లాగుతాది..." అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. "తరవాత ఆగిపోతాది."

హార్బరు వైపు నుంచి ఏదో ఓడ కూత వేసింది, చాలా పొడుగ్గా.

"టాంకులోకి నీళ్ళు ఎలాగొచ్చాయి?" అన్నాడు అప్పలరాజు.

*

కరీం కారు వెనక్కి వెళ్ళాడు. పెట్రోలు పోసే మూత కుడివైపు, వెనక అద్దానికి కాస్త కింద. మిగిలిన ముగ్గురూ బెంచీ దగ్గరే ఉన్నారు. అతను వాళ్ళకి వీపు పెట్టి మూత తిప్పాడు.

మూత లోపలి రబ్బరు చుట్టు ఎండిన పెసరప్పడంలా బీటలు తీసి ఉంది. కొత్త పెట్రోలు ఆవిరికి అది ఎన్నాళ్ళ కిందటో చచ్చిపోయింది. గొట్టం సంగతి గుర్తుపెట్టుకున్నవాడికి మూత సంగతి గుర్తురాలేదు. సరే, రబ్బరు పోయింది. మరి నీళ్ళు?

మూత చుట్టూ ఉన్న గాడిలో ఏదో గట్టిపడి ఉంది. కరీం గోటితో గీరాడు. గోటి కింద పచ్చగా చేరింది.

పసుపు.

ఇంకోచోట గీరాడు. అక్కడా అదే.

ప్రతి శుక్రవారం పొద్దున్న సన్యాసమ్మ ఈ కారుకి స్నానం చేయించేది. ఒట్టి నీళ్ళు కాదు, పసుపు కలిపిన నీళ్ళు. నాలుగు చక్రాలకీ బొట్టు, బానెట్ మీద బొట్టు, పెట్రోలు మూతకి మాత్రం చుట్టూ దట్టంగా పసుపు. ఆ మీదట చెంబుతో నీళ్ళు. మొదటిసారి చూసినప్పుడు కరీం నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఓలమ్మ, కారుకి తలంటు పోత్తన్నావేటే సెల్లీ!" అన్నాడు. ఆమె చెంబు నడుముకి ఆనించుకుని, "బండికి నోరు ఇదే కదన్నా. తినే నోటికి బొట్టెట్టకపోతే ఎలాగ?" అంది. సందులో తిరిగే ఆడపిల్లకి మెకానిక్కు అన్నయ్య ఉంటే ఇలాంటి తెలివితేటలే వస్తాయని అతను ఏడిపించాడు. ఏళ్ళ తరబడి ఆ నోటికి ఆ నీళ్ళు పడుతూనే ఉన్నాయి. గట్టి రబ్బరు, పాత పెట్రోలు. ఏమీ కాలేదు.

ఇప్పుడు రబ్బరు పోయింది, పెట్రోలు మారింది. ఆమె చెయ్యి మాత్రం మారలేదు.

కరీంకి ఒక్కసారి అంతా కళ్ళకి కట్టింది. పచ్చగా ఉన్న ఆ సీసా అడుగు. షీలానగర్. లారీలు. చెల్లెలు ప్రేమగా బొట్టు పెట్టుకున్న బండే... తన చేత్తో పోసుకున్న నీళ్ళే...

ఇంకో సంగతి కూడా గుర్తొచ్చింది. కారు ఉలిక్కిపడుతోందని అప్పలరాజు తెచ్చిన రోజు కార్బురేటర్ గిన్నెలో నాలుగు చుక్కల నీళ్ళు తను చూసాడు. వానాకాలం చెమ్మేలే అనుకున్నాడు. అవతల నమాజుకి వేళవుతోంది, కడిగి బిగించేసి ఇచ్చేసాడు. ఆ రోజు మర ఒక్కసారి వదులు చేసి ఉంటే!

"ఏటైంది? మూతలో ఏటుంది?" అప్పలరాజు అరిచాడు.

చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాటతో షెడ్డు నిలుస్తుంది, పేరు నిలుస్తుంది. అప్పలరాజు వీధిలో నించుని చెంపలేసుకుంటాడు. ఆ రాత్రి నుంచి కళ్ళు మూసుకున్నప్పుడల్లా అతనికి చెంబు పట్టుకున్న పెళ్ళాం కనపడుతుంది. ఆమె కోసం పెట్టే దీపం ముందు కూర్చుని, నిన్ను నువ్వే చంపుకున్నావేటే అని అడుగుతాడు. చచ్చిపోయిన మనిషి దగ్గర అంతకంటే తీసుకోవడానికి ఇంకేం మిగులుతుంది?

కరీం బొటనవేలితో ఆ గాడి అంతా తుడిచేసాడు. మూత బిగించాడు. ఇటు తిరిగాడు.

"మూతలో ఏటీ లేదు," అన్నాడు. "తప్పు నాదే."

దేవీప్రసాద్ నోట్లో ఖైనీ అక్కడే ఆగిపోయింది. "ఏటన్నావు?"

"ఆ రోజు కార్బురేటర్తో పాటు టాంకు కూడా కడిగినాను. నీళ్ళెట్టి కడిగినాను. ఎండలో ఆరబెట్టాల. తొందర్లో ఆరకుండానే బిగించీసాను. ఆ నీళ్ళే ఇవి."

"టాంకు కడిగినానని నాకెప్పుడూ సెప్పనేదే? ఇందాకటి దాకా ఎందుకు సెప్పనేదు?" అన్నాడు దేవీప్రసాద్.

"బయమేసింది."

"ఒరే కరీమూ, ఆలోసించి మాట్లాడు. దీనితో షెడ్డు..."

"మూసీస్తాను. మాటంటే మాటే."

అబద్ధంలో కనీసం ఒక పాలు నిజముంటే చెప్పడం సులువంటారు. ఆ నాలుగు చుక్కలే కరీం చేత ఇంత తడబడకుండా చెప్పించాయి.

అప్పలరాజు తిట్టలేదు. మీద పడి కొట్టలేదు. మెల్లిగా వచ్చి ఆ పెయింటు డబ్బా మీద కూలబడ్డాడు. సంతలో పిల్లాణ్ణి పోగొట్టుకున్నవాడి మొహం అది.

"నువ్వు కాదని తేల్తాదనుకున్నాన్రా," అన్నాడు.

కరీం తలెత్తాడు.

"అందుకే తెచ్చినాను. నిన్ను ముయ్యించడానికి కాదు. నాను తిట్టినాను, సీర ఇసిరీసాను, అంతా నిజమే. మనిషి ఎల్లిపోనాదిరా, ఎవడి మీదో ఒకడి మీద అరవాల కదా? నీ మీద కాకపోతే ఎవడి మీద అరుత్తాను? దేవీప్రసాద్ గాడు వచ్చి విప్పుదాం అనగానే ఎందుకొప్పుకున్నాననుకున్నావు? విప్పితే నువ్వు కాదని తేల్తాది. అప్పుడు నీ మెడ కావిలించుకుని ఏడుద్దారనుకున్నాను. దానికోసం నాను ఇప్పటిదాకా సరిగా ఏడవనేదు, తెలుసా? నీతో కలిసి ఏడుద్దారని దాచుకున్నాను."

అతను లేచాడు. "ఇప్పుడు ఎవడితో ఏడవమంటావు?"

ఇక వెనక్కి చూడకుండా షెడ్డు దాటి, వీధి చివర టీకొట్టు దాకా నడిచి, అక్కడ బల్ల మీద కూర్చుండిపోయాడు.

దేవీప్రసాద్ కరీం వైపు చూసి ఏదో అనబోయాడు. ఆయన జీవితంలో మాట దొరకని రోజు బహుశా అదొక్కటే. బెంచీ మీద పెట్టిన ఖైనీ సున్నం డబ్బీ కూడా మరిచిపోయి, తల విదిలించుకుంటూ అప్పలరాజు వెనకాల వెళ్ళాడు.

*

షెడ్డులో సత్యశ్రీ, కరీం మిగిలారు.

కరీం పానాలు ఒక్కొక్కటీ తుడిచి పెట్టెలో పెడుతున్నాడు. సత్యశ్రీ సీసాని ఎత్తి వెలుతురుకి పట్టింది.

"ఈ పచ్చరంగు ఏటి మావయ్యా?"

"తుప్పు తల్లీ. టాంకు పాతది కదా."

"తుప్పు ఎర్రగా కదా ఉంటాది?"

"కొత్త పెట్రోలు కదా, దానికి రంగులేటి తెలుత్తాయి..."

కరీం అబద్ధాల కోటా ఆ రోజుకి అయిపోయినట్టుంది. మాట సగంలోనే నీరుకారిపోయింది. సత్యశ్రీ అతని చేతుల వైపు చూసింది. నూనె మరకల మధ్య కుడిచేతి బొటనవేలు ఒక్కటే పచ్చగా ఉంది.

ఆమె దేవీప్రసాద్ మరిచిపోయిన డబ్బీ మూత తీసి, వేలెడు సున్నం తీసి సీసాలో వేసి, మూత బిగించి ఊపింది.

బెంచీ మీద పెట్టాక మళ్ళీ రెండుగా విడిపోయింది. పైన పెట్రోలు అలాగే ఉంది. అడుగున ఉన్నది ఎర్రగా, నెత్తురులా మారింది.

పసుపూ సున్నం కలిస్తే ఏ రంగొస్తుందో తెలియని ఆడపిల్ల తెలుగుదేశంలో ఉండదు.

"అమ్మ శుక్రవారం నీళ్ళు," అంది. "నీకు తెలిసిపోనాది. తెలిసీ నీ మీద ఏసుకున్నావు."

కరీం పెట్టె మూత పెట్టేసాడు. "సత్యా, ఆ సీసా ఇటియ్యి. మీయమ్మ నా సెల్లెలు. అది బొట్టెట్టిన బండి దాన్ని సంపిందని ఈ ఊరు అనుకోకూడదు. మీ నాన్న అసలే అనుకోకూడదు. షెడ్డు పోతే పోనాది, ఏ పెద్ద వర్కుషాపులోనైనా టైర్లు మార్చుకుని బతుకుతాను. నాకు పోయేదేటి? ఇటియ్యమ్మా."

సత్యశ్రీ సీసా ఇవ్వలేదు. బెంచీ అంచు పట్టుకుంది.

"అమ్మ కాదు మావయ్యా."

"ఏటి?"

"అమ్మ ఆషాఢం నుంచీ మంచం దిగనేదు. నువ్వు బెంగెట్టుకుంటావని నీకు సెప్పనివ్వనేదు. సెంబు ఎత్తే సత్తువే లేదు ఆమెకి. మూత రబ్బరు బావున్నన్నాళ్ళూ పోసింది అమ్మే. కానీ ఈ నీళ్ళు అమ్మ పోసినవి కాదు."

కరీంకి అర్థం కావడానికి కొంత టైము పట్టింది. అర్థమైనాక, అర్థం కాకపోతే బావుణ్ణనిపించింది.

"మీ నాన్నా?" అన్నాడు. "మీ నాన్న ఈ జన్మలో దేవుడికి దణ్ణం పెట్టి ఎరగడే!"

"దేవుడికి కాదు, అమ్మకి. శుక్రవారం వచ్చేసరికి అమ్మ కిటికీ కాడ మంచం ఏయించుకునేది. నాన్న నెత్తికి తువ్వాలు సుట్టుకుని, పంతులుగారిలాగ నోట్లో ఏవో పిచ్చి మంత్రాలు సదువుతూ, కారుకి పసుపు రాసేవోడు. అమ్మ లోపల్నుంచి, 'మూతికాడ బాగా పొయ్యండి, మూతికాడ' అనేది. నాన్న ఒక్క సెంబు పొయ్యమంటే నాలుగు పోసేవోడు. 'ఇంకా దాహవేత్తందట' అని ఇంకోటి పోసేవోడు. అమ్మ నవ్వేది మావయ్యా. రోజల్లా మూలుగుతూ ఉన్న మనిషి, అప్పుడొక్కసారే నవ్వేది. ఆ నవ్వు కోసం నాన్న బకెట్టు నింపుకుని వచ్చేవోడు."

కరీం వెనక్కి జరిగి కారుకి చేరగిలపడ్డాడు. సాయంత్రం షిఫ్టుకి వెళ్ళే బస్సు ఏదో వీధిలోంచి పోయింది. దాని దుమ్ము షెడ్డులోకి వచ్చి మెల్లిగా దిగింది.

"యా అల్లా," అన్నాడు. అది దేవుణ్ణి పిలిచినట్టు లేదు, నిలదీసినట్టుంది.

చెల్లెలి పేరు కాపాడదామని ఆడిన అబద్ధం. ఇప్పుడు చూస్తే అది కాపాడుతున్నది బతికున్నవాణ్ణి. ఆ కాపాడ్డంలోనే అతనికి ఏడవడానికి ఒక్క భుజం లేకుండా చేసింది. నిజం చెప్తే? పెళ్ళాన్ని నవ్వించడానికి పోసిన ప్రతి చెంబూ...

"సత్యా, నా మీద ఒట్టెయ్యి," అన్నాడు కరీం. "ఈ మాట షెడ్డు దాటకూడదు. ఇది తెలిసిన రోజున మీ నాన్న బతకడు."

"తెలీకపోతే బతుకుతున్నాడనుకుంటన్నావా? ఇందాక సూసావు కదా, ఎలాగున్నాడో. నువ్వు సంపీసావనుకుని ఆయనా, నిన్ను వొగ్గీసాడని నువ్వూ, ఇద్దరూ సెరో మూల కూకుని కుళ్ళిపోతారు. మధ్యలో నాను నిజం కడుపులో ఎట్టుకుని ఇద్దరికీ అన్నం వడ్డించాలేటి? నావల్ల కాదు మావయ్యా."

"నా తల్లివి కదా..."

"అమ్మ ఆ నీళ్ళు సూసి నవ్వింది. అది కూడా ఆయనకి తెలియాల కదా? నీళ్ళ సంగతి సెప్తే నవ్వు సంగతి కూడా సెప్తాను."

ఆమె సీసా పట్టుకుని షెడ్డు గడప దాటింది. కరీం "సత్యా! ఆగవే!" అంటూ వెనక పరిగెత్తాడు. ఆ వయసులో ఆ మోకాళ్ళతో అది పరుగనడానికి పెద్దమనసు కావాలి. వీధిలో వాళ్ళు తలలు తిప్పి చూసారు. ఈ మధ్య అతన్ని చూడగానే మొహం తిప్పుకునేవాళ్ళంతా ఇప్పుడు కళ్ళప్పగించి చూసారు.

టీకొట్టు బల్ల మీద అప్పలరాజు ముందు గ్లాసు చల్లారిపోయి ఉంది. మీగడ కట్టిన టీ మీద ఈగ వాలుతోంది. దేవీప్రసాద్ పక్కనే నించుని ఏదో నచ్చజెప్పడానికి చూస్తున్నాడు, అప్పలరాజు వినడంలేదు.

సత్యశ్రీ ఆ గ్లాసు పక్కన సీసా పెట్టింది.

అప్పలరాజు ఆ ఎరుపు వైపు చూసాడు. మొహంలో ఏ అనుమానమూ లేదు, ఒట్టి అలసట. ఆ అలసటలోంచే, ఎప్పటి అలవాటో, ఒక చిన్న వేళాకోళం బయటికొచ్చింది.

"ఇదేటే? దిష్టినీళ్ళలాగున్నాయి. ఎవలికి తియ్యడానికే, నాకా?"

సత్యశ్రీ సీసాని తండ్రి వైపు ఇంకాస్త జరిపింది. ఆమె వెనకాల ఆయాసపడుతూ వచ్చిన కరీం, అప్పలరాజు కళ్ళలోకి చూడలేక, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు.

అప్పలరాజు కూతుర్ని చూసాడు. కరీంని చూసాడు. సీసా చేతిలోకి తీసుకుని మూత విప్పాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పెట్రోలు ఘాటు వెనక పసుపు వాసన.

"సత్యా," అన్నాడు, చాలా నెమ్మదిగా. "శుక్రవారాల్లో నాను కారుకి..."

ఆ మాట అక్కడే తెగిపోయింది. సీసా పట్టుకున్న చెయ్యి మాత్రం కిందికి దిగలేదు.